తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన పిల్లలకు, వాళ్ల మాష్టార్లకు

ఆర్కిటెక్చర్ కాలేజీల్లో పాత కట్టడాల పరిరక్షణ గురించి పాఠాలు చెప్పే మాష్టార్లకు, మేడమ్‌లకు, ఆ పాఠాలు చదువుకుంటున్న పిల్లలకు నమస్కారం.

ఏ కాలేజీ అన్నది చెప్పను. చెప్తే మిగతా కాలేజీలవాళ్లు హమ్మయ్య మనం కాదు అనుకుని ఈ ఉత్తరం పక్కన పడేస్తారు. అసలు విషయం ఒక్క మాటలో చెప్పేస్తాను: మా ఇంటి కొలతలు మీరు పట్టుకెళ్లారు, మాకు తిరిగి ఇవ్వలేదు. మా ఒక్కరివే కాదు, ఏటా మీరు బస్సుల్లో వెళ్లి కొలిచి వస్తున్న గుళ్లవి, గడీలవి, మెట్లబావులవి, లోగిళ్లవి కూడా. అవి ఆ ఊళ్లకు తిరిగి ఇవ్వండి.

మాది గోదావరి కాలవ గట్టున ఒక చిన్న ఊరు. ఊళ్లో ఒకప్పుడు పదకొండు మండువా లోగిళ్లు ఉండేవట, ఇప్పుడు మూడు మిగిలాయి, అందులో ఒకటి మాది. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం, వాన పడితే నాలుగు చూర్ల నీళ్లూ వచ్చి ఆ నడుమ పల్లంలో పడి తూములోంచి పెరట్లోకి పోతాయి. మా ముత్తాత కట్టించాడు. కట్టిన వడ్రంగి పేరు ఎవరికీ గుర్తులేదు, ఆయన మనవడు మాత్రం మొన్నమొన్నటి దాకా ఊళ్లో ఉండేవాడు, ఏ వాసం ఎక్కడ పుచ్చిందో పైకి చూడకుండా చప్పుడు విని చెప్పేవాడు.

2019 సంక్రాంతి వెళ్లిన వారానికి మీ పిల్లలు ఇరవై రెండు మంది, ఇద్దరు మాష్టార్లు వచ్చారు. కాలేజీ లెటర్‌హెడ్ మీద కాగితం తెచ్చారు, 'మీ ఇల్లు మన వారసత్వం' అని రాసుంది, మా అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. నాలుగు రోజులున్నారు. టేపులు, నీళ్లు పోసిన పారదర్శకపు గొట్టం, ఎర్ర చుక్క పడే లేజర్ మీటరు, గుండు కట్టిన దారం. ఇద్దరు కుర్రాళ్లు అటకెక్కి, ముక్కుకు తువ్వాళ్లు కట్టుకుని, గబ్బిలాల రెట్టలో పాకుతూ దూలాల మందం అరిచి చెప్తుంటే కింద ఒకమ్మాయి రాసుకునేది. అమ్మ పొద్దున పెసరట్లు, మధ్యాహ్నం పులిహోర. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే మన భాషలో తిట్టు కదా, మీ పిల్లలు మాత్రం నిజంగానే మా ఇంట్లో తిని మా వాసాలు లెక్కపెట్టారు, వైపుకి ఎన్నో షీటు మీద వేసుకున్నారు. మా నాన్న ఈ జోకు నాలుగు రోజులూ వేశాడు. పిల్లలు నాలుగు రోజులూ నవ్వారు, మంచి పిల్లలు.

అందులో ఒకమ్మాయి మా సింహద్వారం ముందు చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, ద్వారబంధం మీది చెక్కడం మొత్తం గీసింది. రోజున్నర పట్టింది. మధ్యలో లక్ష్మీదేవి, అటూ ఇటూ తీగ, తీగ మీద చిలకలు. పుట్టినప్పటినుంచి ఆ గడప దాటుతున్నాను, ఎప్పుడూ లెక్కపెట్టలేదు, ఆ అమ్మాయే చెప్పింది: కుడివైపు పన్నెండు, ఎడమవైపు పదకొండు. ఎందుకలా అని అడిగింది. మా నాయనమ్మ అప్పటికి బతికే ఉంది, అరుగు మీంచి తల కూడా తిప్పకుండా 'ఆ రోజు వడ్రంగికి జొరం వచ్చుంటుందిలే' అంది. ఆ అమ్మాయి దాన్ని కూడా నోట్‌బుక్‌లో రాసుకుంది.

పిల్లలు వెళ్లేటప్పుడు మాష్టారు నాన్న చేతులు పట్టుకుని, ఫైనల్ షీట్లు అవ్వగానే ఒక సెట్ మీకు పంపిస్తామండీ అన్నారు. నాన్న ఫ్రేము కట్టించాలని గోడ మీద చోటు కూడా చూసి పెట్టుకున్నాడు. ఆ చోట ఇప్పుడు ఎరువుల కంపెనీ క్యాలెండర్ ఉంది.

2022 జులై మీకు గుర్తుండే ఉంటుంది, గోదావరికి ఆ పెద్ద వరద వచ్చిన నెల. నది నీళ్లు మా దాకా రాలేదు కానీ ముసురు విడవలేదు, ఒక రాత్రి ఉత్తరం వైపు కప్పు పెంకులతో సహా కూర్చుండిపోయింది. మనుషులకేం కాలేదు. పొద్దున చూస్తే వాసాలు విరిగి, పెంకుల కుప్ప కింద మంచం, సగం గోడ తడిసి పడి ఉంది. చప్పుడు విని జబ్బు చెప్పే ఆ వడ్రంగి అంతకు ముందు ఏడాదే పోయాడు. పక్క మండలం నుంచి తెచ్చిన మేస్త్రి మంచివాడే, ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు: పాత వాటం ఎంత? చూరు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండేది? ఇంట్లో అందరం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నాం. మా నాన్న చెయ్యి పైకెత్తి 'ఇదిగో, ఇక్కడ నా తలకు తగిలేది' అన్నాడు. అది కొలతా?

అప్పుడు గుర్తొచ్చారు మీరు.

ఫోన్ల సంగతి పొడుగు, చిన్నగా చెప్తాను. ఆ మాష్టారు వేరే ఊరు మారిపోయారు. ఆఫీసులో ఎత్తినాయన డిపార్ట్‌మెంట్‌కి చెయ్యమన్నాడు, డిపార్ట్‌మెంట్‌లో ఉన్న కొత్త మేడమ్ పాపం చాలా మర్యాదగా మాట్లాడారు, షీట్లు మార్కులయ్యాక కొన్నాళ్లు స్టోర్ రూమ్‌లో ఉంచుతామని, చోటు చాలనప్పుడు తీసేస్తామని చెప్పారు. తీసేయడం అంటే ఏమిటండీ అని అడిగితే ఆవిడ రెండు క్షణాలు మాట్లాడలేదు. కాటాకి వేస్తారు, అంతే కదా. మా ఇల్లు కిలో ఇంతకని పోయింది. సాఫ్ట్ కాపీలేమో పిల్లల లాప్‌టాప్‌లలో ఉంటాయట, ఆ పిల్లలేమో పాసై తలోదిక్కూ పోయారట.

నాలుగో రోజున, ఎవరో ఎవరికో చెప్పగా, ఆ చిలకల అమ్మాయే ఫోన్ చేసింది. బెంగళూరులో ఫ్లాట్లకు ఇంటీరియర్స్ చేసే ఆఫీసులో పని చేస్తోంది. పాత పెన్‌డ్రైవ్ వెతికి, ఉన్నంతలో మూడు షీట్లు పంపింది: ప్లాను, ఒక సెక్షన్ (ఇంటిని నిలువునా కోసి చూపినట్టుండే బొమ్మ), ద్వారబంధం. మొత్తం పద్దెనిమిది ఉండేవట. మేస్త్రి నా ఫోన్‌లో సెక్షన్ షీటును వేళ్లతో పెద్దది చేసి చూస్తూ పావుగంట కూర్చున్నాడు, రాసినదంతా ఇంగ్లీషు, కోర్ట్‌యార్డ్, రాఫ్టర్, ఈవ్స్, నేను పక్కన కూర్చుని చదివి చెప్తే 'ఓ, చూరా' అంటున్నాడు. కొలతలు మాత్రం బంగారం. ఆ అంకెలు పట్టుకునే కప్పు మళ్లీ లేచింది.

లేచింది కానీ ఒక తేడా ఉండిపోయింది. ఆ సెక్షన్ గీత మా ఇంటి దక్షిణం వైపు వసారా మీదుగా వెళ్లింది. దక్షిణం వసారా వెడల్పు, ఉత్తరం ఇరుకు. ఉత్తరానికి వేరే సెక్షన్ గీశారట, అది పోయిన పదిహేనింటిలో ఉంది. దక్షిణం వాటమే ఉత్తరానికి వేసేసరికి, చూరు పాతదానికంటే జానెడు పైకి వచ్చి ఆగింది, పక్క కప్పుతో కలిసే మూలన పొందిక కుదరలేదు. ఇప్పటికీ గట్టి వాన పడితే ఆ మూల కింద అమ్మ బకెట్ పెడుతుంది.

ఇప్పుడు నా గోల ఏమిటంటే, మా ఇంటిలాంటి దానికి ఇంకెక్కడా లెక్కాపత్రం ఉండదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి దేశం మొత్తం మీద సుమారు 3,700 కట్టడాలు, వాటికి చుట్టూ వంద మీటర్ల నిషేధ ప్రాంతం, బోర్డు. రాష్ట్రాల జాబితాలు వేరే. మంచివార్తలు రావడం లేదని కాదు. హైదరాబాద్ కోఠి మహిళా కళాశాలలో (ఇప్పుడది యూనివర్సిటీ) రెండు వందల ఏళ్లు దాటిన రెసిడెన్సీ భవనం, అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించినది, 2002లో ప్రమాదంలో ఉన్న కట్టడాల అంతర్జాతీయ జాబితాకెక్కి, ఇరవై ఏళ్ల తర్వాత బాగుపడి 2023 జనవరిలో తెరుచుకుంది. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావి 2022 డిసెంబర్‌లో మళ్లీ నీళ్లతో కనిపించింది. అదే ఏడాది దోమకొండ కోటకు యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. పేపర్లో చూసి నేనూ సంతోషపడ్డాను. అయితే వాటికి పేరుంది, డబ్బు వచ్చింది, ఫొటోలున్నాయి. మా వీధిలో ఇంటికి ఉన్న ఒకే ఒక్క రికార్డు మీ థర్డ్ ఇయర్ పిల్లల హోంవర్కు. ఈ సంగతి మార్కులు వేసేటప్పుడు మీకు తట్టదని నా అనుమానం.

కాగితం విలువ మన ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పాలా? అమరావతి చూడండి. దీపాలదిన్నె అని జనం పిలుచుకునే ఆ బౌద్ధ స్తూపపు దిబ్బను జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో ఆయన కొత్త ఊరి కట్టుబడికి రాయి కోసం తవ్వించారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1790ల చివర్లో ఒకసారి వచ్చి చూశాడు, మళ్లీ 1816లో వచ్చేసరికి చాలా రాళ్లు పోయాయి, స్తూపం నడిమధ్య చెరువు తవ్వేశారు. ఆయన ఏం చేశాడు, తనతో ఉన్న చిత్రకారులను కూర్చోబెట్టి మిగిలిన పలకలను, స్తూపం ప్లానుతో సహా గీయించాడు. ఆ తర్వాత ఆ పలకల్లో కొన్ని మద్రాసు వెళ్లాయి, కొన్ని లండన్ వెళ్లాయి, కొన్ని అసలు ఎటు పోయాయో తెలియదు. ఇప్పుడు స్తూపం ఎలా ఉండేదో చెప్పాలంటే పండితులు తెరిచేది ఆ బొమ్మల పుస్తకమే, ఇవాళ్టికి కనిపించని రాళ్లు కొన్ని అందులో బొమ్మలుగా బతికి ఉన్నాయి. అది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మన దగ్గర లేదే అని బాధ ఉంది, అది వేరే ఉత్తరం. కానీ చూడండి, రెండు వందల ఏళ్ల కిందట ఎడ్లబండ్ల కాలంలో వచ్చి గీసిన గీత భద్రంగా ఉంది, 2019లో ఏసీ బస్సులో వచ్చి లేజర్‌తో గీసిన గీత మూడేళ్లకు లేదు.

ఇంకోటి. అమెరికాలో 1933లో, ఆర్థిక మాంద్యంలో పని లేక కూర్చున్న ఆర్కిటెక్టులకు ప్రభుత్వం జీతమిచ్చి పాత ఇళ్లు కొలిపించడం మొదలుపెట్టింది, హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే అని. చార్లెస్ పీటర్సన్ అనే ఆయన ఆలోచన. బొమ్మలన్నీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పెట్టారు. ఆయన పేరు మీదే 1983 నుంచి కాలేజీ పిల్లలకు ఒక పోటీ నడుస్తోంది: ఏదో ఒక పాత కట్టడం కొలిచి పద్ధతి ప్రకారం గీసి పంపాలి, బహుమతి వచ్చినా రాకపోయినా ఆ షీట్లు ఆ భాండాగారానికి చేరతాయి. నాకు ఇదెలా తెలుసంటే, బకెట్ చప్పుడుకి నిద్ర పట్టని ఒక రాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే దొరికింది. ఎక్కడో ఎవరిదో పశువుల కొట్టం, దాని కప్పు వాటం నేను గోదావరి జిల్లాలో మంచం మీద పడుకుని చదవగలుగుతున్నాను. మా వసారాది మాత్రం దొరకదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పారిస్‌లో నోత్రదామ్ చర్చి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అమెరికాలోని వాసర్ కాలేజీలో ఆండ్రూ టాలన్ అనే ప్రొఫెసర్ 2010లో దాన్ని లేజర్‌తో అణువణువూ కొలిచి పెట్టాడు, 2018 చివర్లో ఆయన పోయాడు, ఐదు నెలలు తిరక్కుండానే 2019 ఏప్రిల్‌లో చర్చి కప్పు కాలిపోయింది, తిరిగి కట్టేవాళ్లకు ఆ కొలతలు పనికొచ్చాయి. మనిషి పోయినా కొలత ఉంది. మా విషయంలో మనుషులందరూ నిక్షేపంలా ఉన్నారు, కొలతే లేదు.

మన ఇంటి ముంగిట ఉదాహరణ కావాలంటే హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపం. 2006లో రాయి రాయి విప్పారు, రాళ్లకు నంబర్లు వేశారు, పని సాగీ సాగక 2024 మార్చి 8న మళ్లీ తెరిచారు. ఆలస్యానికి ఎంతైనా తిట్టుకోవచ్చు, నేనూ తిట్టుకున్నాను. అయినా ఏ రాయి ఎక్కడిదో రాసి ఉంది కాబట్టే అన్నేళ్ల తర్వాతైనా మంటపం లేచింది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని తెచ్చి అలంపురంలో నిలబెట్టగలిగారన్నా, కొలిచి లెక్క రాసుకునే ఓపిక ఉండబట్టే.

మీ వైపు నుంచి ఏమంటారో కూడా ఊహించగలను. పిల్లల షీట్లలో తప్పులుంటాయండీ, బయటికివ్వడం బాగోదు అంటారు. ఉండనివ్వండి, 'విద్యార్థుల కొలతలు, సరిచూసుకోగలరు' అని మూల రాయండి, నాన్న తలకు తగిలే ఎత్తు కంటే మీ తప్పు కొలత నయం. ఇళ్ల ప్లాన్లు అందరికీ కనిపించేలా పెడితే దొంగతనాలు అంటారు. అది నిజమే, అందుకే ఇంటివాళ్ల సెట్ ఇంటివాళ్లకివ్వండి, గుడిది, చెరువుది, బావిది ఊరి గ్రంథాలయానికివ్వండి, బయట పెట్టాలా వద్దా అన్నది ఇంటివాళ్లను అడిగి సంతకం తీసుకోండి. ఖర్చు అంటారా? పద్దెనిమిది షీట్లు ప్రింట్ తీసి స్పీడ్ పోస్టులో పంపడానికి ఎంతవుతుందో కనుక్కున్నాను, మీ పిల్లలు నాలుగు రోజులు తిన్న పెసరట్ల కంటే తక్కువ. ఈ మాట అమ్మకు తెలిస్తే నన్ను చంపేస్తుంది, పెట్టింది లెక్కపెడతావా అని. సరే, మాట తప్పే.

ఒకటి మాత్రం గట్టిగా అడుగుతాను. షీటు మీద తెలుగు రాయండి. ఇంగ్లీషు తీసేయమనను, దాని కిందే వాసం, దూలం, చూరు, గుంజ, అరుగు, మండువా అని రాస్తే మేస్త్రి నా కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ మాటలు కూడా ఇంటితో పాటే పోతున్నాయి, మా పిల్లలకు చూరు అంటే తెలియదు, ఫ్లాటులో చూరెక్కడుంది? మీరు కొలిచేటప్పుడు పక్కన నిలబడ్డ ముసలి వడ్రంగిని ఈ చెక్కనేమంటారు తాతా అని అడిగితే ఆయన పది పేర్లు చెప్తాడు. మా ఊరాయన్ని ఎవరూ అడగలేదు. నాలుగు రోజులూ ఆయన అరుగు చివర బీడీ తాగుతూ మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాడు.

అన్నట్టు, మీ తర్వాత ఇంకొకడు కూడా టేపుతో వచ్చాడు. పాత కలప కొనేవాడు. ఇలాంటి స్తంభాలు, ద్వారబంధాలు రిసార్టులకు కావాలట. గంటలో ఇల్లంతా కొలిచాడు, కాగితం మీద లెక్క రాసి, ఇదిగోనండీ మీ ఇల్లు అని నాన్న చేతిలో పెట్టి వెళ్లాడు. నాన్న ఆ కాగితాన్ని చింపలేదు. మా ఇల్లు మొత్తం కొలిచిన కాగితం ఇంట్లో అదొక్కటే ఉంది మరి.

ఈ సంక్రాంతికి మా వెనక వీధిలో లోగిలికి మళ్లీ ఎవరో కాలేజీ పిల్లలు వస్తారని విన్నాను. రండి. భోజనం మా ఇంట్లోనే, అమ్మ ఇప్పటికే అడుగుతోంది ఎంతమందని. ఉత్తరం వైపు ఆ మూల ఒకసారి ఎక్కి చూసి మేస్త్రికి నాలుగు మాటలు చెప్పి వెళ్లండి, వెళ్లేముందు మీరు కొలిచింది కొలిచినట్టు ఒక కాపీ ఆ ఇంటివాళ్ల చేతిలో పెట్టండి, ఫెయిర్ షీట్లు తర్వాత చూసుకోవచ్చు, పెన్సిల్‌తో గీసినదైనా చాలు.

చివరగా ఆ అమ్మాయికి, ఎక్కడైనా ఇది చదివితే. అమ్మా, నువ్వు పంపిన మూడు షీట్లూ ప్రింట్ తీయించి భద్రంగా పెట్టాం, నీ రుణం తీర్చుకోలేం. కానీ ద్వారబంధం షీటులో రెండు వైపులా పన్నెండేసి చిలకలున్నాయి. కంప్యూటర్‌లో ఒక వైపు గీసి రెండో వైపుకి తిప్పేసినట్టున్నావు. కొంచెం సరిచేసి పంపు. ఎడమవైపు పదకొండే.